గొంతు దాచుకునే వేళ

టింగుమని ఒక చిన్న గంట, ఆ తర్వాత ఏమీ లేదు. మనిషి ఒక మాట మొదలుపెట్టి ముగించడానికి ఎంత పడుతుందో అంతసేపు నిశ్శబ్దం, మళ్ళీ టింగ్. ఆమె హెడ్‌ఫోన్లను రెండు అరచేతులతో చెవులకేసి అదుముకుని ఇంకోటి నొక్కింది. ఇది పెద్ద వాక్యం కాబోలు, నిశ్శబ్దం కూడా పెద్దదిగానే ఉంది. ఇంకోటి నొక్కింది. ఇది చిన్నది, గబుక్కున అయిపోయింది. రెండు వారాలుగా పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని, గొంతులో చేపముల్లు అడ్డం తిరిగినట్టు గుచ్చుకుంటున్నా వేడినీళ్ళు గుటకలు వేసుకుంటూ చదివిన మూడు వందల వాక్యాలు ఇవే. రేపు వాన పడవచ్చు అని చదివింది, తలుపు దగ్గరగా వేయండి అని చదివింది, చదివినప్పుడల్లా తెరమీద పచ్చగీత లేచి పడేది, తన గొంతుకే లేస్తోందని మురిసిపోయింది. అది లేచింది ఆ గంట చప్పుడుకి. తన గొంతు అందులో ఎక్కడా లేదు. తను ఊపిరి తీసిన చప్పుడైనా లేదు. మూడు వందల సార్లు ఎవరో పిలిచారు, మూడు వందల సార్లు ఎవరూ పలకలేదు, అంతే ఉంది అందులో.

ఆస్పత్రి సంచిలో తువ్వాళ్ళు సర్దుతుంటే ఫోను వచ్చింది. మాట నేర్పే డాక్టరమ్మ, చిన్న పిల్ల, మాటల మధ్య బాగా ఆగి ఆగి మాట్లాడుతుంది. "అమ్మా, మీరు పంపినవాటిలో మీ గొంతు లేదండీ" అంది. "లేకపోవడం ఏమిటి తల్లీ, చదివింది నేనేగా" అంటే, "మీరు చదివారండీ, కంప్యూటరే వినలేదు" అంది. రేపు పొద్దున స్వరపేటిక తీసేస్తారు. పుండు ఉన్నంత మేర తీసేస్తే సరిపోదట, పెట్టెకి పెట్టె తీసేయాలట. ఆ తర్వాత మెడమీద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి పీల్చుకోవాలి, మాట మాత్రం ఆ దారిన రాదు. ఏదైనా చెప్పాలంటే పలకలాంటి ఒక యంత్రం మీద అక్షరాలు నొక్కాలి, అది చదివి పెడుతుంది. ముందుగా గొంతు దాచిపెట్టుకున్నవాళ్ళకి వాళ్ళ గొంతుతోనే చదువుతుంది, దాచుకోనివాళ్ళకి ఎవరిదో ఒక గొంతు. "ఇవాళ అడ్మిట్ అయ్యారంటే ఇక కుదరదమ్మా. కనీసం ఒక యాభై మళ్ళీ చదివి పంపగలరా? దాంతో ఏదో ఒకటి చేస్తాం." నాలుగింటికి కారు. గడియారంలో మూడు కొట్టింది. భర్త ఆమె చేతిలోంచి తువ్వాళ్ళు అందుకుని, "నువ్వెళ్ళి చదువుకో. ఇవి నేను చూసుకుంటా. చప్పుడు చెయ్యను" అని ఈ గది తలుపు దగ్గరగా లాగి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే మాట్లాడతాడు. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా 'ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడు?' అని అడగడంతోనే ఆయన వాటా మాటలు అయిపోతాయి. ఇంటికి వచ్చాక మిగిలినవన్నీ ఆమె వాటా.

ఇది అత్తగారి గది. వీధివైపు కిటికీ లేదు, అలమార నిండా దుప్పట్లు, చప్పుడు పీల్చుకుంటాయని డాక్టరమ్మే ఈ గది బాగుంటుందంది. మంచం తీసేసి చాలా రోజులైనా గోడమీద మంచం తల ఒరుసుకున్న మరక అలాగే ఉంది. ఆ మరకకి ఎదురుగా బల్ల, బల్లమీద కంప్యూటర్, దాని ముందు ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన మైకు, కొంగ మెడలాంటి కాడ మీద నల్లటి దూది తల పెట్టుకుని ఆమె మొహంలోకే చూస్తోంది. ఇన్నాళ్ళూ నీతో మాట్లాడానే, ఒక్క ముక్కా వినలేదుటే, అనుకుంది. ఈతకొలను గట్టుమీద నిలబడి ఒక్క కేక వేస్తే అవతలి ఒడ్డున నీళ్ళలో ముక్కు మూసుకుని నిలబడ్డ పిల్ల కూడా ఉలిక్కిపడి కాళ్ళు కొట్టేది. ఈల ఇస్తే ఇంట్లో మర్చిపోయి వచ్చేది, అవసరం ఉంటేగా. పిల్లలు ఉరుము మేడమ్ అనేవాళ్ళు. కడుపున పుట్టినవాళ్ళు లేరుగానీ, నీళ్ళలో తేలడం నేర్పినవాళ్ళు ఊరునిండా ఉన్నారు. మొన్నామధ్య బ్యాంకులో కౌంటరు వెనక ఉన్న మీసాలాయన ఈమె గొంతు వినగానే కుర్చీలో నిటారుగా సర్దుకుని, 'సారీ మేడమ్, అలవాటు' అన్నాడు. ఆ గొంతు కూడా ఇప్పుడు లేదు, ఎండాకులు తొక్కినట్టు గరగరలాడే ఈ గొంతే మిగిలింది. ఉన్నదాన్నే దాచుకోండమ్మా అంది డాక్టరమ్మ, అదేదో ఇల్లు కాలిపోతుంటే చేతికందింది పట్టుకు రమ్మన్నట్టు.

తమ్ముడికి ఫోను కొట్టింది. వాడు ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. మామూలుగా అయితే రెండు రోజులకి గాని తిరిగి చెయ్యడు, ఇవాళ మొదటి మోతకే ఎత్తాడు.

"అక్కా, భయపడకు. కింద కుడిమూల స్పీకర్ బొమ్మ ఉంటుంది చూడు, దానిమీద రైట్ క్లిక్ కొట్టు. సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో రికార్డింగ్ కి వెళ్ళు. ఏముందక్కడ?"

"స్టీరియో మిక్స్ అని ఉంది. దాని పక్కన పచ్చ టిక్కు."

"అదీ సంగతి!" వాడి గొంతులో దొంగ దొరికినంత సంతోషం. "అదేంటంటే అక్కా, కంప్యూటర్ తను చేసే చప్పుడే తను రాసుకుంటుంది. గంట కొడితే గంట, పాట పెడితే పాట. బయట మనిషి గొంతు చించుకుని చచ్చినా దానికి పట్టదు."

"మా పాత హెడ్మాస్టర్ లాగా అన్నమాట" అంది ఆమె. నవ్వుతాడనుకుంది. వాడు నవ్వలేదు. గొంతు చించుకుని అన్న మాట, చచ్చినా అన్న మాట, రెండూ తన నోటినుంచే వచ్చాయని వాడికి అప్పుడే తెలిసినట్టుంది. అవతల ఎవరిదో కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో టకటకా టైపు కొట్టడం వినిపించింది. చిన్నప్పుడు వీడు జ్వరంతో పడుకుంటే ఈమె పక్కన కూర్చుని వాడిచేత ఎక్కాలు చెప్పించేది, ఎక్కడైనా ఆగితే జ్వరం పెరిగిందని భయపడేది. ఇప్పుడు వాడు ఆగాడు. పన్నెండేళ్ళ తేడా, తల్లిలాంటి అక్క, ఆ అక్క గొంతు గురించి ఏ మాట వాడాలో తెలియక వాడు కంప్యూటర్ మాటల్ని పట్టుకుని వేలాడుతున్నాడు. "సరేలేరా, తర్వాత ఏం చెయ్యాలో చెప్పు" అంది. వాడు గబగబా అందుకున్నాడు. ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టమన్నాడు, ఆపేసిన పరికరాలు చూపించు అని ఉంటుంది, దాన్ని నొక్కమన్నాడు. నొక్కింది. అప్పటిదాకా ఏమీ లేని చోట బూడిదరంగులో మైకు బొమ్మ ఒకటి తేలింది, ఫొటోలో వెనక వరసలో నిలబడి మొహం సరిగా పడని మనిషిలా. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది, ఎవరూ లేదనుకున్నారు. ఎనేబుల్ చెయ్యమన్నాడు, డిఫాల్ట్ చెయ్యమన్నాడు, చేసింది. అయినా గీత లేవలేదు. దాని కింద ఏదో రాసి ఉంది, కళ్ళజోడు సవరించుకుని చదివింది, నాట్ ప్లగ్డ్ ఇన్.

"వైరు వెనక ఏ కన్నంలో పెట్టావు?"

"ఏదో ఒకటి. పట్టింది, పెట్టా."

"గులాబీరంగు దాంట్లో పెట్టాలక్కా. పచ్చది చెవికి, గులాబీది నోటికి."

ఫోను బల్లమీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి దూరింది. దుమ్ము, వైర్లు, ఎప్పటిదో అత్తగారి జుట్టుపిన్ను ఒకటి. ఇక్కడ వెలుతురు నీళ్ళ అడుగు వెలుతురులా ఉంది, పైనించి వాలి పల్చబడి వస్తోంది. ఊపిరి బిగబట్టింది, ఎందుకో తెలియదు, తల కిందికి పెట్టగానే బిగబట్టడం అలవాటు. చిన్నప్పుడు మొదటిసారి నీళ్ళలో మునిగినప్పుడు బిగబట్టడం తెలియదు. అమ్మా అని అరిచింది. నోరంతా తెరిచి అరిచినా మాటకి బదులు బుడగలు వచ్చాయి, తెల్లగా, గుండ్రంగా, వరసగా పైకి వెళ్ళిపోయాయి, పైన అందరూ నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఆ తర్వాత అంత పెద్ద గొంతు ఎక్కడినుంచి వచ్చిందో, ఆ రోజు నీళ్ళలో మింగేసిన అరుపే జీవితాంతం వాయిదాల్లో బయటికి వచ్చిందేమో. పెద్ద డాక్టరు అన్నీ చెప్పాక చివర్లో, కాగితాలు సర్దుకుంటూ, తేలిగ్గా, 'అన్నట్టు స్నానం జాగ్రత్తగా చెయ్యాలి, మెడ దాకా నీళ్ళలో దిగడం ఇక కుదరదండీ' అన్నాడు. ఈమె ఏం పని చేస్తుందో ఆయన అడగలేదు. ఈమె చెప్పలేదు. పక్కనే కూర్చున్న భర్త అప్పుడు మాత్రం నోరు తెరిచాడు, తెరిచి, 'గోరువెచ్చని నీళ్ళయితే ఫరవాలేదాండీ' అని అడిగాడు. నీలం కన్నంలోంచి వైరు పీకి వేళ్ళతో తడుముతూ గులాబీరంగు దాంట్లో గుచ్చింది. పైనెక్కడో కంప్యూటర్ చిన్నగా కుయ్యిమంది. బల్ల అంచు పట్టుకుని పైకి లేచి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

గీత లేస్తోంది గానీ, లేవడానికి బద్ధకించినట్టు కొంచెమే లేస్తోంది. 'శబ్దం చాలా తక్కువగా ఉంది' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఉరుము మేడమ్‌కి వచ్చిన మాట. "లెవెల్స్ అని ఉంటుంది, అందులో బూస్ట్ అని ఇంకో గీత, దాన్ని కుడి చివరికంటా లాగు" అన్నాడు తమ్ముడు. "ఇక నువ్వు పెట్టెయ్యరా, నేను చేసుకుంటా" అంది. "ఉండనా?" అన్నాడు. "వద్దు. నీ గొంతు కూడా ఎక్కుతుంది." "ఎక్కితే ఎక్కనీ" అని వాడు గొణిగి, తర్వాత, "అక్కా" అన్నాడు. ఆమె ఎదురు చూసింది. ఇంకేం లేదు, అక్కా అనే అన్నాడు. ఫోను పెట్టేశాడు. బూస్టు లాగడానికి పోయి పక్క పేజీలో దేన్ని నొక్కిందో, గడిలో ఒక టిక్కు పడింది, 'ఈ పరికరాన్ని వినండి' అని. ఇదేమిటి అనుకుంటూ, "ఇదేమిటి" అని పైకే అంది. అన్న మరుక్షణం చెవిలో ఇంకెవరో 'ఇదేమిటి' అన్నారు.

వెనక్కి తిరిగి చూసింది. అలమార, దుప్పట్లు, గోడమీద మరక. "ఎవరు?" అంది, తప్పదన్నట్టు, వెనకాలే ఆ గరగర గొంతు 'ఎవరు' అంది, అరక్షణం ఆలస్యంగా, నీళ్ళలో మనకంటే వెనక వచ్చే మన నీడలా. తన గొంతేనని తెలిసింది. ఏదో ఒకటి చదివి చూద్దామని తెరమీద ఉన్న వాక్యం అందుకుంది, 'పడవ నెమ్మదిగా ఒడ్డు చేరింది', పడవ అనేసరికి వెనకనుంచి పడవ వచ్చింది, నెమ్మదిగా అనబోతుంటే ఆ రెండోది అడ్డం పడి నాలుక తడబడింది, దానికోసం ఆగితే అదీ ఆగింది. ఎవరు ముందు మాట్లాడతారో తేలక ఇద్దరూ నోరు మూసుకున్నారు. రేపట్నించి ఇదే మాట్లాడుతుంది. తను ముందుండదు, ఈ వెనకదే ఉంటుంది. బతికుండగా తన దెయ్యాన్ని తనే కూర్చోబెట్టి మాటలు నేర్పుతోంది. నేర్పడం చేతనైన పనేగా, ఎంతమందికి నేర్పలేదు. భయపడకు, ఒళ్ళు వదులు చెయ్యి, నీళ్ళే మోస్తాయి. అత్తగారు చివరి రోజుల్లో చెవులు పూర్తిగా పోయాక ఇదిగో ఇక్కడే కూర్చోబెట్టుకుని, కోడలి గొంతుమీద అరచెయ్యి ఆనించి కబుర్లు వినేది, 'ఈ ఇంట్లో నాకు వినిపించే మనిషివి నువ్వొక్కదానివే' అనేది. ఆమె చెప్పిందాంట్లో సగం కూడా అర్థమయ్యేది కాదేమో ఆవిడకి, అయినా చెయ్యి తీసేది కాదు, గొంతులో పలికే అదురు చాలు, తలూపుతూ కూర్చునేది. ఒక్కోరోజు చెప్పడానికి ఏమీ లేక ఈమె ఎక్కాలు చదివేసేది. పదమూడో ఎక్కానికి కూడా ఆవిడ కళ్ళు తుడుచుకున్న రోజుంది. ఆ చెయ్యి ఎంత తేలికో. ఇప్పుడు కూడా మెడమీద చల్లగా ఏదో తగిలినట్టయి ఆమె చున్నీ సర్దుకుంది.

బూస్టు కుడి చివరకి లాగింది. లాగగానే ఇల్లు చెవుల్లోకి వచ్చి పడింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు ఇన్ని చప్పుళ్ళు చేస్తుందని ఆమెకి తెలియదు, తెలియడానికి తను ఎప్పుడు నోరు మూసుకుంది గనక. ఫ్రిజ్ గురక పెడుతోంది. గోడల్లో గొట్టాల వెంట ఎవరింటి నీళ్ళో దిగుతున్నాయి. మెట్లమీద చెప్పుల చప్పుడు పైకి వెళ్ళి ఆగింది. తన ఊపిరి, ఈల కలిసిన ఊపిరి, ఎవరో పక్కనే పడుకుని నిద్రపోతున్నట్టు. వీటన్నిటి కిందనుంచి, సన్నగా, వంటింటి వైపునుంచి ఎవరో మాట్లాడుతున్నారు.

"హలో" అంటున్నాడు. ఆయనే. ఫోను మోగలేదు. "హలో. ఆఁ, చెప్పండి. ఆవిడ..." ఫ్రిజ్ హోరులో కొంత పోయింది. "ఆవిడ మాట్లాడ..." మళ్ళీ హోరు, దాన్ని చీల్చుకుని ఒక్క మాట స్పష్టంగా వచ్చింది, "...లేరు."

ఆవిడ లేరు. మాట్లాడలేరు అన్నాడు, మాట్లాడలేరనే అన్నాడు, అది తనకీ తెలుసు. కానీ ఆ మాట మధ్యలో విరిగి రెండయింది, రెండో ముక్కే గుమ్మం దాటి వచ్చింది. ఆయనకీ అది వినిపించినట్టుంది. కొళాయి తిప్పి కట్టేశాడు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు, గొంతు సవరించుకుని, అద్దాలు పెట్టించుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో. "హలో. నమస్తే అండీ. లేదండీ, ఆవిడ ఇప్పుడు మాట్లాడరు." కాదు. అది కోపం వచ్చి మాట్లాడనట్టుంది, ఆయనకే నచ్చలేదు, ఛ అనుకున్నాడు. "హలో. ఆవిడకి మాట పోయిందండీ." ఆగాడు. ఆ పోయింది అన్న మాట దగ్గర ఆయన గొంతు కిందికి జారింది, దాన్ని పైకి లాక్కోలేకపోయాడు. స్టీలు గ్లాసు ఏదో గట్టుమీద పెట్టాడు. ఎవరు ఫోను చేసినా ఈ ఇంట్లో ఎత్తేది ఆమే, గ్యాసువాడి దగ్గర్నించి ఆయన చెల్లెలి దాకా. ఆయన ఫోను ఎత్తి నాలుగు మాటలు మాట్లాడాలంటే చెమటలు పట్టేవి, 'నువ్వు మాట్లాడవూ' అని చేతికిచ్చి పక్కకి తప్పుకునేవాడు. పెళ్ళైన కొత్తలో ఇదేం మనిషిరా బాబూ, గోడకి చెవులైనా ఉంటాయి, ఈయనకి నోరే లేదు అనుకుంది. ఆ మనిషి ఇప్పుడు వంటింట్లో మోగని ఫోనుకి జవాబు చెప్పడం నేర్చుకుంటున్నాడు, ఎవరూ నేర్పకుండా, లోతు తెలియని నీళ్ళలో ఒక్కో కాలూ దించుతూ. "హలో," అన్నాడు నాలుగోసారి. "ఆవిడ ఇక్కడే ఉన్నారండీ. నా పక్కనే ఉన్నారు. అన్నీ వింటున్నారు. మీరు చెప్పండి." ఒక్క క్షణం ఆగి, తనకి తనే, "ఇది బాగుంది" అన్నాడు.

ఆమె లేవలేదు. లేచి వెళ్ళి ఏమనాలి? విన్నానని చెబితే మళ్ళీ నోరు విప్పడు. కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదబోయి ఆ చప్పుడు ఎంత గట్టిగా చెవిలో పడుతుందోనని చున్నీతో ఒత్తుకుని ఊరుకుంది. టిక్కు తీసేసింది. వెనకదాని గొంతు ఆగిపోయింది. వంటిల్లు, గొట్టాలు, ఫ్రిజ్ అన్నీ ఒక్కసారిగా వెనక్కి తగ్గాయి. బూస్టు సగానికి దించి, మైకుని దగ్గరికి లాక్కుని, అత్తగారి చెయ్యి ఆనేంత దగ్గరగా లాక్కుని, చదవడం మొదలుపెట్టింది. బాగా ఎక్కితే పచ్చ, లేకపోతే ఎరుపు. రేపు వాన పడవచ్చు. పచ్చ. తలుపు దగ్గరగా వేయండి. పచ్చ. మా ఇంటి వెనక ఏడు ఏనుగులు లేవు, ఉంటే బాగుండును, పచ్చ. ఢంకా మోగగానే ఝషం ఎగిరింది, ఛత్రం వంగింది, ఎవడు రాశాడో మహానుభావుడు, అక్షరాలన్నీ రావాలని ఇలా రాశారని డాక్టరమ్మ చెప్పింది, రేపట్నించి ఈ ఇంట్లో ఢంకా అనాల్సిన అవసరం ఎవరికి వస్తుందని, అయినా అంది, మిగలాలి గదా, ఢ కూడా మిగలాలి. మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గు ఎర్రగా పడింది. నీళ్ళు తాగింది. నాకు ఆకలిగా లేదు. కిటికీ తెరిస్తే గాలి వస్తుంది. మీరు ఎప్పుడు వచ్చారు? నేను అలా అనలేదు. ఒక్కో వాక్యం నోట్లోంచి వెళ్ళిపోతుంటే ఇదే ఆఖరుసారి ఈ మాట అనడం అనిపించి, 'నేను అలా అనలేదు' అన్నది రెండుసార్లు చదివింది. ఎన్ని గొడవల్లో అనుంటుందో ఆ మాట. అన్నవన్నీ అనలేదంది, అనాల్సినవి కొన్ని నిజంగానే అనలేదు. ఓపిక తగ్గుతోంది, గొంతు రాజుకుంటోంది, అయినా పచ్చ మీద పచ్చ పడుతోంది. తెర అడుగున చిన్న అక్షరాలు వచ్చాయి, యాభై పూర్తయ్యాయని, కొనసాగించవచ్చని. ఇంకొన్ని చదివింది. గడియారం చూసింది. పంపు అన్నది నొక్కింది. నీలం గీత నత్తలా పాకి పాకి అవతలి ఒడ్డు చేరింది.

తర్వాత ఇంకో పేజీ తెరుచుకుంది. పోయినసారి దాన్ని చదవకుండా దాటేసింది. 'మీ సొంత మాటలు' అని ఉంది, కింద ఖాళీ గడులు. ఇవి యంత్రం తయారుచేసే మాటలు కాదు, మీరు ఎలా అంటే అలాగే దాచిపెడతాం, రోజూ ఇంట్లో వాడేవి చెప్పండి, అని. రోజూ వాడేవి. కాళ్ళు కొట్టు, తల దించు, చేతులు చాపు, అవి వాడే చోటికి ఇక వెళ్ళదు. ఎవరితో ఏం మాట్లాడినా దానికి ముందు ఒక మాట ఉంటుంది. దాన్ని ఎప్పుడూ మాట అనుకోలేదు గనక తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఏ పేరూ పెట్టి పిలవని మనిషిని పిలిచే మాట. గడి నొక్కి, గంట మోగాక, అంది.

"ఏమండీ."

వంటింట్లో కుర్చీ జరిగింది. "ఆఁ!" అని అక్కణ్ణించే, మరుక్షణం తలుపు తోసుకుని, చేతిలో తడిగుడ్డతో. "ఏంటి? ఏమైంది?"

తెరమీద ఎర్రగా పడింది, వేరొకరి శబ్దం అని. "ఏం కాలేదు. మిమ్మల్ని పిలవలేదు. రికార్డు చేస్తున్నా."

"నన్నే పిలిచావు."

"మిమ్మల్నే. కానీ పిలవలేదు. మీరు పలక్కూడదు."

"సరే" అని వెళ్ళాడు. ఆమె మళ్ళీ గంట మోగనిచ్చి, ఈసారి కొంచెం సాగదీసి, స్నానాలగదిలో తువ్వాలు మర్చిపోయినప్పుడు పిలిచినట్టు, "ఏమండీ..." అంది. "ఆఁ, వస్తున్నా" అని గోడ అవతలనుంచి వచ్చేసింది, ఆయన వచ్చేలోపే జవాబు వచ్చేసింది. ఎరుపు. ఆయన గుమ్మంలో నిలబడి నేరం చేసినవాడిలా చూశాడు. "పలక్కూడదనే అనుకున్నా. నోరు దానంతట అదే అనేసింది." ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఏడుపవబోతుంటే ఆపుకుంది. "ఇలా వచ్చి కూర్చోండి, నా ఎదురుగా." ఆయన కూర్చున్నాడు. తడిగుడ్డ వదిలేసి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ, మైకు దగ్గరికి వంగి, కోపంగా కాదు, పనికి కాదు, నిద్రలో మెలకువ వచ్చినప్పుడు పక్కన ఉన్నాడో లేడో చూసుకోవడానికి పిలిచినట్టు, పిలిచింది. "ఏమండీ." ఆయన ఒళ్ళంతా ఒక్కసారి ముందుకి కదిలింది. చెయ్యి నోటిని అదిమింది. కళ్ళు మాత్రం పలికాయి. పచ్చ.

"అయిందా?" అన్నాడు చెయ్యి తీయకుండా.

"అయింది. కిటికీలు వేసి రండి. కారు వచ్చేస్తుంది."

ఆయన వెళ్ళాడు. ఆమె ఒక్కసారి విని మూసేద్దామనుకుంది. ఇంతసేపూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెవులు కాగిపోయాయి, అవి తీసి వైరు పీకేసింది. ఇక చప్పుడు తెరకున్న స్పీకర్లోంచే వస్తుంది. గడి నొక్కింది. ఏమండీ అని గది అంతటా పలికింది, గరగరగా, దగ్గరగా, కొంచెం వణుకుతూ.

"ఆఁ" అన్నాడు వంటింట్లోంచి. "వస్తున్నా."

ఆమె పెదవులు కదల్లేదు. కదల్లేదని చూసుకోవడానికి వేళ్ళతో తాకి చూసుకుంది. కిటికీ గడియ పడిన చప్పుడు, తర్వాత ఆయన అడుగులు, గదిలోంచి గదిలోకి, దగ్గరికి వస్తున్నాయి. కుర్చీలో నిటారుగా కూర్చుని, నోరు బిగించుకుని, ఊపిరి బిగబట్టి, ఆ అడుగుల్ని వింటూ ఉండిపోయింది. కింద హారన్ మోగింది. ఆయన గుమ్మంలోకి వచ్చాడు, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో ఆమె చెప్పులు.

"ఏంటి, పిలిచావు?"

ఆమె తెరవైపు చూడలేదు. చెయ్యి చాపి, చూడకుండానే, కంప్యూటర్ ఆపేసింది.

"ఏం లేదు," అంది. "ఊరికే పిలిచా."